రాక్షస గణం నుంచి నాలుగక్షరాల దాకా

మా మేనల్లుడు ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది. క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు వచ్చిన ఒక కంపెనీలో రాత పరీక్ష గట్టెక్కాడు, టెక్నికల్ ఇంటర్వ్యూ గట్టెక్కాడు. మూడో రౌండు 'సైకోమెట్రిక్' అన్నారు. నలుగురిలో ఉన్నప్పుడు మీరే ముందు మాట కలుపుతారా, నిర్ణయం తీసుకునేటప్పుడు మనసు మాట వింటారా బుర్ర మాట వింటారా, ఇలాంటి ప్రశ్నలు. అందులో పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పరు.

సిరిమాను సంబరానికి విజయనగరం వచ్చాడు. ఊరంతా గంటస్తంభం వైపు నడుస్తుంటే వీడు మాత్రం అరుగు మీద కూర్చుని, ఫోన్లో ఉచితంగా దొరికే పర్సనాలిటీ టెస్టు మళ్ళీ మళ్ళీ రాస్తున్నాడు. చివరికి తలెత్తి, "మావయ్యా, నేను ఐఎన్ఎఫ్‌జే అట. చాలా అరుదైన టైపట" అన్నాడు.

పక్కన కనకాంబరాలు కడుతున్న మా అమ్మ, "ఏటిరా అది, జాతకమేటి?" అంది.

"కాదమ్మమ్మా, మనిషి టైపు చెబుతుంది."

"మరి నచ్చెత్రం అడగనేదేటి?"

ఇద్దరం నవ్వేశాం. తర్వాత ఆలోచిస్తే ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ కనిపించలేదు. మనిషిని చూసి 'వీడు ఫలానా రకం' అని గదిలో పెట్టే పని ఆ ఫోన్ కంటే చాలా ముందునుంచీ మన ఇళ్ళలో నడుస్తోంది. పెళ్ళి పొంతనాల్లో 27 నక్షత్రాలను దేవ, మనుష్య, రాక్షస గణాలని మూడు భాగాలు చేసి, తొమ్మిదేసి నక్షత్రాలు పంచారు. మొత్తం 36 గుణాల్లో గణానికి 6. మా అక్క పుట్టింది మఖలో. అంటే రాక్షస గణం. ఆ ఒక్క మాట మీద రెండు సంబంధాలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళాయని అమ్మ ఇప్పటికీ అంటుంది. మా అక్కను ఎరిగినవాళ్ళకు ఆవిడలో రాక్షసి ఎక్కడుందో బోధపడదు. వంటింట్లో బల్లిని కూడా చీపురుతో మెల్లగా సాగనంపే మనిషి.

ఆయుర్వేదం నక్షత్రాన్ని వదిలి ఒంటిని చూసింది. వాత పిత్త కఫాల్లో ఏది పైచేయి అయితే అది ఆ మనిషి ప్రకృతి. విడివిడిగా మూడు, రెండేసి కలిసి మూడు, మూడూ సమంగా ఉంటే ఒకటి, వెరసి ఏడు. చరక సంహితలో వాత ప్రకృతి మనిషి మాటకారి, దేన్నయినా ఇట్టే పట్టేసి ఇట్టే మరిచిపోతాడు. పిత్త ప్రకృతివాడు ఆకలికి ఆగలేడు, వాడి జుట్టు తొందరగా నెరుస్తుంది. కఫ ప్రకృతివాడికి దేనికీ తొందర లేదు. ఈ లెక్క మనలో చాలామందికి గుర్తులేదు గానీ మన నోటికి గుర్తుంది. 'వాడి పైత్యం వాడిది' అంటున్నప్పుడు మనం పిత్తం గురించే మాట్లాడుతున్నాం. గ్రీకులదీ దగ్గరి దారే. రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు ద్రవాలు అనుకున్నారు. వాటి మీద క్రీ.శ. రెండో శతాబ్దంలో గాలెన్ మనుషుల స్వభావాలను నిలబెట్టాడు. దిగులుకు ఇంగ్లీషులో వాడే మెలంకలీ అన్న మాటకు అసలు అర్థం నల్ల పిత్తమే.

భగవద్గీత పదిహేడో అధ్యాయం ఇంకో అడుగు ముందుకేసి తిండిని బట్టి మనిషిని చెప్పింది. కారం, పులుపు, ఉప్పు, బాగా వేడివి ఇష్టపడేవాళ్ళు రాజసులు. ఆ లెక్కన ఆవకాయ జాడీ ఉన్న ప్రతి ఇల్లూ రాజస నిలయమే, దాంతో నాకు పేచీ లేదు. ఆ తర్వాతి శ్లోకంలో రాత్రి మిగిలి తెల్లారేదాకా నిలవున్న తిండి తామసులకు ఇష్టమని ఉంది. తామసమంటే మందకొడితనం, నిద్రమత్తు. ఇక్కడ శ్రీకాకుళం రైతు గుర్తొస్తాడు. చీకటితోనే చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని, లేదా చోడి అంబలి తాగి నాగలి పట్టేవాడు ఏ గదిలోకి వెళ్తాడు? గదులు కట్టినవాడు ఎప్పుడూ తను కూర్చున్న చోటు నుంచే కొలుస్తాడని నాకు అనిపించేది ఇలాంటి చోట్లనే.

ఇక మేనల్లుడి నాలుగక్షరాల సంగతి. స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో మనుషుల మానసిక రకాల గురించి ఒక పుస్తకం వేశాడు. ఇప్పుడు కాలేజీ పిల్లలందరి నోళ్ళలో నలిగే ఇంట్రోవర్ట్, ఎక్స్‌ట్రోవర్ట్ అన్న మాటలకు చెలామణీ వచ్చింది అక్కడి నుంచే. అది రోగులను చూస్తూ కట్టిన ఆలోచనే తప్ప పరీక్ష కాదు. పరీక్షగా మార్చింది అమెరికాలో ఒక తల్లీ కూతురూ. తల్లి క్యాథరిన్ బ్రిగ్స్, కూతురు ఇసబెల్ మైయర్స్. ఇద్దరిలో ఎవరూ సైకాలజీ చదువుకున్నవారు కారు. కూతురు పెళ్ళి చేసుకుంటానని ఇంటికి తీసుకొచ్చిన కుర్రాడు తమ ఇంటి మనుషుల్లా లేకపోవడం క్యాథరిన్‌ను మనుషుల రకాల ఆరాలోకి దించింది. 1918లో ఆ పెళ్ళి అయింది. అంటే అక్కడ కూడా కథ మొదలైంది కాబోయే అల్లుడి దగ్గరే. పొంతనాల పంతులుగారికి ఈ ముక్క చెబితే సంతోషిస్తారు.

1923లో యూంగ్ పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చాక క్యాథరిన్ ఆయన లెక్కనే పట్టుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్ళు యుద్ధానికి పోతే ఆడవాళ్ళు కొత్తగా ఫ్యాక్టరీల్లోకి, ఆఫీసుల్లోకి వచ్చారు. ఎవరికి ఏ పని నప్పుతుందో చెప్పడానికని ఇసబెల్ ప్రశ్నలు రాయడం మొదలుపెట్టింది. ఇంట్రోవర్ట్, ఎక్స్‌ట్రోవర్ట్ లాంటి నాలుగు జంటలు, ఒక్కో జంటలోంచి ఒక్కో అక్షరం, మొత్తం 16 టైపులు. మేనల్లుడి ఐఎన్ఎఫ్‌జే అందులో ఒకటి. 1962లో అది పరీక్షగా అచ్చయింది, 1970ల మధ్య నుంచి కార్పొరేట్ ఆఫీసుల్లో పాకింది. దీన్ని అమ్మే సంస్థే, ఉద్యోగంలోకి ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి దీన్ని వాడకూడదని చెబుతుంది. ఆ మాట మన క్యాంపస్ డ్రైవుల దాకా చేరినట్టు లేదు.

"కానీ మావయ్యా, చదివితే అచ్చం నాలాగే ఉంది" అన్నాడు వాడు. ఉంటుంది. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజిస్టు తన క్లాసులో 39 మందికి పరీక్ష పెట్టి, కొన్నాళ్ళకు ఎవరి ఫలితం వాళ్ళకు ఇచ్చాడు. ఎంత సరిపోయిందో అయిదుకి మార్కులు వెయ్యమన్నాడు. సగటు 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. అందులోని వాక్యాలను అతను బజార్లో దొరికే జ్యోతిషం పుస్తకంలోంచి ఏరాడు. మిమ్మల్ని నలుగురూ మెచ్చుకోవాలని మీకుంటుంది, పైకి నిబ్బరంగా కనిపిస్తారు గానీ లోపల బెంగ పడతారు, ఇలాంటివి.

మా చిన్నప్పుడు చంకలో బుట్టతో, చేతిలో కర్రతో ఎరుకలసాని వీధిలోకి వచ్చేది. "సోది సెప్తానమ్మ సోది" అన్న కేక వినగానే మా నాయనమ్మ చేటలో బియ్యం పోసుకుని అరుగు మీదికి వెళ్ళేది. ఆవిడ చెయ్యి పట్టుకుని, "పైకి నవ్వుతావు తల్లీ, కడుపులో ఒక కష్టం దాసుకున్నావు" అనేది. నాయనమ్మకు కళ్ళనీళ్ళు. కడుపులో కష్టం లేని మనిషి మా వీధిలో ఒక్కరుంటే కదా! ఫోరర్ క్లాసుకి ఎన్నో తరాల ముందే ఆ విద్య మన అరుగుల మీద ఉంది, బియ్యానికి బదులుగా.

ఎదుటి మనిషి మనసు చెప్పిన ఆ ఎరుకల వాళ్ళను ప్రభుత్వం ఏ గదిలో పెట్టిందో కూడా ఇక్కడే చెప్పాలి. 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. కొన్ని కులాలవాళ్ళు పుట్టుకతోనే దొంగలన్నది దాని పునాది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది, ఎరుకలను ఆ జాబితాలో చేర్చారు. వేలిముద్రలు, పోలీసు హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయింది. చట్టం పోయినా 'వాళ్ళ బుద్ధే అంత' అన్న మాట పోవడానికి ఇంకా టైము పడుతోంది. మనిషి రకం చెప్పే ఏ పట్టిక చూసినా నాకు ముందు వచ్చే సందేహం అది నిజమా కాదా అని కాదు, అడుగుతున్నదెవరు, వాళ్ళకు ఏం కావాలి అని.

సైన్యానికి కావలసింది స్పష్టమే, బెదరని మనిషి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగుల మోతకు మనసు చెదిరిన సైనికులను చూశాక, అలాంటివాళ్ళను ముందే పసిగట్టాలని అమెరికా సైన్యం కోసం రాబర్ట్ వుడ్‌వర్త్ ఒక ప్రశ్నల పట్టిక తయారుచేశాడు. 116 ప్రశ్నలు, అన్నిటికీ అవును కాదు అనే జవాబులే. అది సిద్ధమయ్యేసరికి యుద్ధం అయిపోయింది గానీ ఆ మచ్చు మాత్రం నిలిచిపోయింది. మన దేశంలో అధికారుల ఎంపికకు ఇలాంటి మానసిక పరీక్షలు 1943లో డెహ్రాడూన్‌లో మొదలయ్యాయి. ఇప్పటి ఎస్ఎస్‌బీకి, అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డుకి మూలం అదే.

ఈ జిల్లాలో ఆ మూడక్షరాలు అందరికీ తెలుసు. విజయనగరం రాజుల కోరుకొండ ప్యాలెస్‌లో 1962లో సైనిక్ స్కూలు పెట్టారు. అక్కడ చదివిన మా పెదనాన్న కొడుకు ఎస్ఎస్‌బీకి వెళ్ళొచ్చి చెప్పిన కబుర్లు నాకు ఇప్పటికీ గుర్తే. తెర మీద ఒక మాట పడుతుంది, 15 సెకన్లలో దాని మీద వాక్యం రాయాలి, అలా 60 మాటలు. మసక మసక బొమ్మ 30 సెకన్లు చూపిస్తారు, నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. పన్నెండోది బొమ్మే ఉండదు, తెల్లగా ఖాళీ. "అంతవరకూ కోచింగ్‌లో నేర్పిన కథలే రాశాను తమ్ముడూ. ఆ తెల్లది చూసేసరికి బుర్రలో ఏమీ లేదు. నాగావళికి వరదొచ్చి మా పశువులను గట్టెక్కించిన రాత్రి రాసేశాను" అన్నాడు. వాడు సెలక్టయ్యాడు. ఆ కథ వల్లనేనని వాడి నమ్మకం, నేను కాదనలేదు. అయితే ఒక్క సైకాలజిస్టు మాట మీద అక్కడ ఎవరూ లోపలికి రారు, బయటికి పోరు. ఇంటర్వ్యూ చేసిన ఆఫీసరు, మైదానంలో పనులు చేయించి చూసిన ఆఫీసరు, రాతలు చదివిన సైకాలజిస్టు అయిదు రోజులు మనిషిని చూసి, చివర కూర్చుని మాట్లాడుకుంటారు. ఇరవై నిమిషాల్లో మౌస్ నొక్కి తేల్చే వ్యవహారం కాదది.

ఈలోగా విశ్వవిద్యాలయాల్లో ఇంకో పాయ నడిచింది, నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. మనుషులకు ముఖ్యమైన గుణానికి భాష ఎప్పుడో ఒక మాట పుట్టించుకునే ఉంటుంది, కాబట్టి నిఘంటువు వెతకండి అన్నారు. 1936లో ఆల్‌పోర్ట్, ఓడ్‌బర్ట్ ఇంగ్లీషు నిఘంటువులోంచి మనిషి తీరు చెప్పే మాటలు 17,953 ఏరారు. తర్వాతివాళ్ళు వాటిని వడపోసి వడపోసి 1960ల నాటికి అయిదు గుణాల దగ్గర తేల్చారు. కొత్తదనం మీద ఆసక్తి, పనిలో శ్రద్ధ, నలుగురిలో కలివిడి, ఎదుటివాడితో సర్దుబాటు, ఆందోళన. ఇందులో గదులు లేవు. ఎవరిలో ఎంత అన్న కొలతే ఉంది. పదహారు టైపుల్లో చిక్కు వచ్చేది ఇక్కడే. చాలామంది నడిమధ్యలో ఉంటారు, పరీక్ష మాత్రం మధ్యలో గీత గీసి అటో ఇటో తోసేస్తుంది. 34కి ఫెయిలు, 35కి పాసు అన్నట్టు. అందుకే కొన్ని వారాలాగి మళ్ళీ రాస్తే చాలామందికి ఒకటో రెండో అక్షరాలు మారిపోతాయి. ఉద్యోగంలో పనితీరుకి కాస్తో కూస్తో ముడిపడినట్టు గట్టిగా కనిపించింది కూడా ఈ అయిదింటిలో పనిలో శ్రద్ధ అన్నదే. నలుగురిలో ముందు మాట కలపడం అన్ని ఉద్యోగాలకూ అక్కరకొచ్చేది కాదు.

అదే వడపోత తెలుగు నిఘంటువుతో మొదలుపెట్టి ఉంటే? ముక్కుసూటి మనిషి, గుంభనం, నంగనాచి, చాదస్తం, గడుసు, లౌక్యం... మా ఊళ్ళో 'వాడొక గిరీశం' అంటే ఇంక వివరణ అక్కర్లేదు. 1892లో ఇక్కడే మొదటిసారి ఆడిన గురజాడ నాటకం 'కన్యాశుల్కం'లోని పాత్ర, ఇన్నేళ్ళుగా ఒక రకం మనిషికి పేరైపోయింది. మరి మొహమాటం? ఇంగ్లీషులో దీన్ని ఒక్క మాటలో చెప్పలేను. సిగ్గు కాదు, భయం కాదు, మంచితనం అంతకన్నా కాదు. మూడో గరిటె అన్నం వద్దనలేకపోవడం, అప్పిచ్చినవాడే అడగలేక తల దించుకోవడం. 'మీ అభిప్రాయాన్ని నిర్మొహమాటంగా చెబుతారా' అన్న ప్రశ్నకు శ్రీకాకుళం కుర్రాడు 'లేదు' అని పెడితే ఆ మెషిన్ దాన్ని చేతకానితనం కింద రాసుకుంటుంది. ఇంట్లో మాత్రం వాణ్ణి పద్ధతైన కుర్రాడంటాం. బొలీవియా అడవుల్లో చిమానే తెగవాళ్ళను వాళ్ళ భాషలోనే అడిగి చూసినప్పుడు ఆ అయిదు గుణాల లెక్క కూడా సరిగా నిలబడలేదని 2013లో పరిశోధకులు రాశారు.

ఇదంతా విడమర్చి చెప్పాను. మేనల్లుడు ఓపిగ్గా విని, "అదంతా సరే మావయ్యా, వచ్చే నెల ఇంకో డ్రైవ్ ఉంది" అన్నాడు. సీనియర్లు పంపిన జవాబుల కాగితం ఫోన్లో చూపించాడు. కొత్తవాళ్ళతో కలివిడిగా ఉంటారా అంటే 'పూర్తిగా అంగీకరిస్తాను' నొక్కాలట. నొక్కి చూపించాడు కూడా.

అప్పుడే వీధి గేటు చప్పుడైంది. సంబరానికి వచ్చిన చుట్టాలెవరో, చేతిలో పళ్ళ సంచి. "ఒరే, ఎవులో ఒచ్చినారు, కుర్చీలెయ్యి" అంది అమ్మ. నేను చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను. అరుగు ఖాళీ. ఫోను చార్జరుతో సహా దొడ్లోకి వెళ్ళిపోయాడు.