కూల్చమంటూ ఒక కాగితం, పన్ను కట్టమంటూ ఇంకో కాగితం

భీమవరమో, పాలకొల్లో, అమలాపురమో, గోదావరి డెల్టాలో ఏ పట్టణమైనా సరే. ప్లానులో జి ప్లస్ 2 చూపించి, పైన ఇంకో అంతస్తు లేపిన ఇంటి తాలూకు కాగితాలు తీస్తే రెండు రకాలు బయటపడతాయి. ఒకటి టౌన్ ప్లానింగ్ వాళ్లది: అనుమతి లేని అంతస్తును ఎందుకు తొలగించకూడదో సంజాయిషీ ఇవ్వమంటుంది. రెండోది రెవెన్యూ విభాగానిది: అదే అంతస్తుకు ఆస్తి పన్ను, దాని మీద జరిమానా కలిపి కట్టమంటుంది. రెండింటికీ కమిషనరు ఒక్కరే, గదులు పక్కపక్కనే. మొదటి కాగితం బీరువాలోకి పోతుంది. రెండోదాని రసీదును ఇంటాయన ల్యామినేషన్ చేయించి దస్తావేజులతో పాటు దాచుకుంటాడు.

ఈ అలవాటు నిన్న మొన్నటిది కాదు. ఇక్కడి మున్సిపాలిటీలంత పాతది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువల వెంట వరి పెరిగింది, వరి వెంట వర్తకం, వర్తకం వెంట జనం. మద్రాసు ప్రభుత్వం 1865లో పట్టణాల అభివృద్ధికని ఒక చట్టం తెచ్చింది. ఆ మరుసటి ఏడాదే, 1866లో, రాజమండ్రి, కాకినాడ మున్సిపాలిటీలయ్యాయి. తర్వాత 1884లో ఒకటి, 1920లో ఒకటి జిల్లా మున్సిపాలిటీల చట్టాలు వచ్చాయి. గడ్డీ ఆకులూ చాపలూ వేసి ఇంటి కప్పు కట్టడాన్ని అదుపు చేసే అధికారం కూడా మున్సిపాలిటీకి ఇచ్చారు, అగ్గి భయంతో. ఊరిలో సగం ఇళ్లు తాటాకువే అయిన చోట ఆ అధికారాన్ని ఎవరి మీద వాడతారు? చట్టంలో ఉంది, అంతే.

అమలైనవి వేరే. 1871 నాటి పశువుల చట్టం కింద బందెలదొడ్డి నడిచింది. పక్కవాడి చేలో పడ్డ గేదెను తోలుకొచ్చి దొడ్డిలో కట్టేస్తే, యజమాని రుసుం కట్టి విడిపించుకునేవాడు. మిల్లులకూ కొట్లకూ ‘డి అండ్ ఓ’ లైసెన్సు వచ్చింది, ప్రమాదకరమైన, ఇబ్బంది కలిగించే వ్యాపారాల మీద అదుపు కోసం. అది ఏటా కట్టాల్సిన ఫీజుగానే జనానికి తెలుసు. డబ్బు చేతికొచ్చే నిబంధనలు బతికాయి, పని ఆపించాల్సిన నిబంధనలు పుస్తకంలో మిగిలాయి.

అన్నిటికన్నా గట్టి పాఠం నేర్పింది 1905 నాటి భూ ఆక్రమణల చట్టం. డెల్టాలో కాలువ గట్టు, డ్రెయిను గట్టు, పుంత, చెరువు గర్భం అన్నీ సర్కారువి. గట్టు మీద పాక వేసినవాణ్ని వెంటనే ఖాళీ చేయించడం కుదరదు గనుక కరణం బి మెమో రాసేవాడు: ఫలానా మనిషి, ఇన్ని సెంట్లు, ఇంత శిస్తు, ఇంత జరిమానా. అది శివాయి జమా పద్దులోకి, అంటే సర్కారు భూమి ఆక్రమణల లెక్కలోకి వెళ్లేది. ఈ శిస్తు కట్టినంత మాత్రాన భూమి మీద హక్కు రాదని చట్టంలోనే ఉంది. అయినా పాకవాడికి అర్థమైంది ఇంకొకటి. సర్కారు తన పేరు రాసుకుంది, డబ్బు తీసుకుంది, ఇక తీసేయదు. తండ్రి నాటి బి మెమోలు మడతలు పెట్టి దాచుకుని, పట్టా అడగడానికి వాటినే చూపించిన కుటుంబాలు గట్ల మీద బోలెడు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. సెంటు భూమి లేని కూలివాడు చేలో పడుకోలేడు, గట్టు తప్ప దారేది? అదే గట్టు మీద తర్వాత్తర్వాత రెండంతస్తుల షాపులు కట్టినవాళ్ల సంగతి వేరు. వాళ్లు నేర్చుకున్నదీ ఆ పాకవాడి కిటుకే.

గట్టుకు ఇంకో చిక్కుంది. కాలువ ఇరిగేషన్ వాళ్లది, డ్రెయిను డ్రైనేజీ వాళ్లది, రోడ్డు ఆర్ అండ్ బీది, మురుగు మున్సిపాలిటీది. భీమవరం మధ్యలోంచి పోయే యనమదుర్రు డ్రెయిను పక్కన నిలబడి ‘ఇది ఎవరి పరిధి?’ అని అడిగితే ప్రతి శాఖా పక్కశాఖ వైపు చూపిస్తుంది.

ఇప్పుడు మున్సిపాలిటీలకు ఆధారం 1965 నాటి చట్టం. దాని 228వ సెక్షన్ ప్రకారం అక్రమ కట్టడానికి ముందు తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వాలి, జవాబు వినాలి, తర్వాత దాన్ని ఖాయం చేయాలి, అప్పుడు గానీ కూల్చడానికి లేదు. పద్ధతిగా చూస్తే న్యాయమే. కానీ శ్లాబు ఒక్క రాత్రిలో పడుతుంది. అందుకే డెల్టాలో అదనపు అంతస్తు శ్లాబులు శనివారం రాత్రి మొదలవుతాయి, సంక్రాంతి సెలవుల్లో మరీ జోరు. టౌన్ ప్లానింగ్‌లో కొలతలు చూసే చైన్‌మన్ సోమవారం వచ్చేసరికి సెంట్రింగ్ కింద తడి ఆరుతూ ఉంటుంది. ఖాయం ఉత్తర్వు వచ్చేలోపు కోర్టు నుంచి స్టే వస్తుంది. ఇక ఫైలు కదలదు.

ఈలోపు పన్ను విభాగం తన పని చేసుకుపోతుంది. అనుమతి ఉన్న అంతస్తుల్లో సెట్‌బ్యాక్ (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ) ఉల్లంఘన పది శాతం లోపు ఉంటే పన్నులో 25 శాతం, దాటితే 50 శాతం, అసలు అనుమతే లేని అంతస్తుకు 100 శాతం జరిమానా. ఇది కట్టినంత మాత్రాన కట్టడం సక్రమమైనట్టు కాదని ఇక్కడా రాశారు. 1905 నాటి వాక్యమే, సంతకం మారింది.

ఆ పైన క్రమబద్ధీకరణ పథకాలు. 2007 చివర్లో వచ్చిన బీపీఎస్ (అక్రమ భవనాలను జరిమానాతో క్రమబద్ధీకరించే పథకం) 1985 జనవరి 1 నుంచి 2007 డిసెంబరు 15 దాకా కట్టినవాటికి. 2015లో వచ్చింది 2014 డిసెంబరు 31 దాకా కట్టినవాటికి. 2019లో వచ్చింది 2018 ఆగస్టు 31 దాకా కట్టినవాటికి. మొదటి తేదీ 1985 దగ్గరే పాతుకుపోయింది, చివరి తేదీ మాత్రం జరుగుతూ పోయింది. లేఅవుట్లదీ అదే దారి. 2007 చివరి ఎల్‌ఆర్‌ఎస్‌లో, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకంలో, పది శాతం ఖాళీ స్థలం వదలని లేఅవుట్‌లో ప్లాటు కొన్నవాడు దానికి బదులు విలువలో 14 శాతం కడితే సరిపోయింది. పార్కు రాలేదు, పార్కు ఖరీదు ఖజానాకు చేరింది. నిబంధన పాటించి సెట్‌బ్యాక్ వదిలిన పక్కింటివాడికి ఈ పథకాల వల్ల ఒరిగింది ఏమిటో ఎవరూ చెప్పరు.

సెట్‌బ్యాక్‌ల గొడవలో పడి డెల్టాకు అసలైన తగువును మర్చిపోతున్నామని నా అనుమానం. అది మెరక. ఇక్కడ స్థలమంటే నిన్నటి వరిచేను. కొన్నవాడు ముందు మెరక తోలించి, రోడ్డుకు రెండడుగులు ఎత్తున పునాది కడతాడు. కొన్నేళ్లకు పాత రోడ్డును తవ్వకుండా దాని నెత్తినే కొత్త సీసీ రోడ్డు పడుతుంది. తర్వాత కట్టేవాడు అంతకన్నా పైకి లేస్తాడు. మధ్యలో ఉన్న పాత పెంకుటిల్లు గుంటలో మిగిలిపోయి, వానకు వీధి నీళ్లన్నీ దాని వాకిట్లోకే దిగుతాయి. ఇంటి ముందు డ్రెయిను మీద శ్లాబు, శ్లాబు మీద కారు ఎక్కడానికి ర్యాంపు, పక్కన టైల్స్ వేసిన అరుగు. పూడిక తీయడానికి వచ్చిన పారిశుద్ధ్య కార్మికుడికి పార దించే సందు దొరకదు. దీనికి పన్నులో కలిపే జరిమానా రేటు లేదు కాబట్టి నోటీసూ రాదు.

సుప్రీంకోర్టు 2024లో రెండు తీర్పులిచ్చింది. నవంబరు 13న, పదిహేను రోజుల నోటీసు లేకుండా కూల్చొద్దని చెప్పింది. డిసెంబరు 17న, కట్టడం పూర్తయినట్టు ధ్రువపత్రం లేని భవనానికి కరెంటు, నీరు, మురుగు కనెక్షన్లు ఇవ్వొద్దని, అక్రమానికి కళ్లు మూసుకున్న అధికారి మీద చర్య తీసుకోవాలని చెప్పింది. రెండోది ఉన్నది ఉన్నట్టు అమలైతే డెల్టా పట్టణాల్లో సగం వీధులకు మీటరు కష్టమే.

మరి చూసేవాళ్లెవరు? భీమవరం 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కేంద్రం. అయినా 2021 మార్చి మున్సిపల్ ఎన్నికలు అక్కడ జరగలేదు. పాలకొల్లు, తణుకు, తాడేపల్లిగూడెంలోనూ అంతే. నోటీసు ఆపమని ఫోన్ చేసే కౌన్సిలరు లేడు, సరే. డ్రెయిను పూడిందని నిలదీయడానికీ లేడు. 2025లో స్వీయ ధ్రువీకరణ విధానం వచ్చాక లైసెన్సున్న సాంకేతిక నిపుణుడు సంతకం పెడితే ముందే పని మొదలుపెట్టొచ్చు, తనిఖీ జరిగేది ఆ తర్వాతే. ఆ తనిఖీ భారం పడేది 2019లో వచ్చిన వార్డు ప్లానింగ్ కార్యదర్శి మీద. పునాది దశలోనే టేపు పట్టుకుని వెళ్లాల్సిన మనిషి ఆయనే. 2024 జులై నుంచి ఒకటో తేదీ వస్తే వార్డు సచివాలయ సిబ్బందంతా ఇంటింటికీ పింఛన్ల పంపిణీలో ఉంటారు, మిగతా రోజుల్లో సర్వేలు, పన్ను వసూళ్లు. ఆ వార్డులో ఎన్ని పునాదులు లేస్తున్నాయో ఆయన కన్నా ఇసుక ట్రాక్టరు డ్రైవరుకే ముందు తెలుస్తుంది.