కల్టివేటర్ బరువుంటే లోతు దిగుతదా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ట్రాక్టర్ వెనక తగిలించి దున్నే కల్టివేటర్లు తయారుచేసే పనిలో ఉన్నా కాబట్టి ఎక్కువగా వినేవి రాస్తున్నా, కొనేముందు ఒకసారి చదవండి.

అపోహ: ఎంత బరువుంటే అంత లోతు దిగుతది.

వాస్తవం: బరువు గట్టి నేలలో కొంత సాయమే, కానీ అసలు లోతుకి దించేది కర్రు (మట్టిలో దిగే ఇనుప మొన) కోణం. కర్రు ముందుకి వాలి ముక్కు పదునుగా ఉంటే ట్రాక్టర్ లాగేకొద్దీ అదే కిందికి గుంజుకుంటది, నిలువుగా ఉన్నా, ముక్కు అరిగి గుండ్రమైనా ఎంత ఇనుమేసినా పైపైనే గీరుకుంటూ పోతది, పైగా డీజిల్ దండగ. చాలా కర్రులు రెండు కొసలా వాడుకునేలా వస్తయి, ఒక కొస అరిగితే బోల్టులు విప్పి తిప్పి బిగించుకోవాలి, చాలామంది అది కూడా చెయ్యరు. టాప్ లింక్ (ట్రాక్టర్‌కి పైన కలిపే కడ్డీ) సరిగ్గా పెట్టక ఫ్రేమ్ ముందుకి వంగితే ముందు వరస లోతుకి పోయి వెనక వరస తేలుతది, దానికి కల్టివేటర్ని తిట్టి లాభం లేదు.

అపోహ: స్ప్రింగులు మట్టిని గుల్ల చేయడానికి.

వాస్తవం: కాదు. రాయో వేరో తగిలితే టైన్ (కర్రు బిగించే ఇనుప కాలు) వెనక్కి లేచి, దాటినాక మళ్లీ దిగడానికి. రాళ్లున్న ఎర్ర చెలకలకి అవి కావాల్సిందే. రాళ్లు లేని నల్లరేగడికి స్ప్రింగు లేని టైన్లే లోతు సమంగా పట్టుకుంటయి.

అపోహ: టైన్లు ఎన్ని ఎక్కువుంటే దుక్కి అంత మంచిది.

వాస్తవం: ఒక్కో కర్రు తన రెండు పక్కలా మట్టిని పగలగొడతది, పక్క కర్రు పగలగొట్టినదాన్ని అది కలిస్తే చాలు. ఇంకా ఇరికిస్తే మోళ్లు, గడ్డి చిక్కుకుని కుప్పలు పడతయి, రెండు వరసల్లో అటూఇటూ మార్చి బిగించేదే అవి జారిపోవాలని. 35 నుంచి 45 హెచ్‌పీ బండికి మామూలుగా 9 టైన్లు సరిపోతయి.

అపోహ: లోపలి గట్టి పొరని కల్టివేటర్నే లోతుకి తొక్కి పగలగొట్టొచ్చు.

వాస్తవం: ఈ మాట నమ్మి నష్టపోయేవాళ్లని చూస్తే బాధేస్తది. కల్టివేటర్ పని 4 నుంచి 6 అంగుళాలు. ఏటా అదే లోతులో దున్నితేనే ఆ పొర తయారైతది, వాన నీళ్లు దాని మీదే నిలబడతయి, వేర్లు పక్కకి తిరుగుతయి. సన్న కర్రు ఒక లోతు దాటినాక మట్టిని పైకి లేపదు, పక్కలకి నొక్కుతది అంతే. ఆ పొర పగలగొట్టడానికి లోతుగా చీల్చే చీజిల్ ప్లావో సబ్‌సాయిలరో కావాలి, అదీ వేసవిలో నేల పొడిగా ఉన్నప్పుడే, తడిగా ఉంటే పొర పగలదు, కోసిన గీత మాత్రం మిగులుతది.