లక్ష రూపాయల చక్రాలు

విశాఖపట్నం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు పంపిన ఫొటో చూశాను. రెండు నల్లటి చక్రాలు, కింద లక్ష దాటిన ధర. "తాతయ్యా, సైకిల్ మొత్తానికి కాదట, వట్టి చక్రాలకేనట! ఎందుకంత?" అని అడిగారు. అడగవలసిన మాటే. దాని వెనక ఇంకో కోరిక దాగి ఉందని కూడా నాకు తెలుసు. ఆ సంగతి తర్వాత చూద్దాం.

ముందు మీ సైకిల్ చక్రాన్నే చూడండి. మీ బరువును కింది చువ్వలు నిటారుగా నిలబడి మోస్తున్నాయని అనుకుంటారు. అంత సన్నటి చువ్వను పైనుంచి నొక్కితే వంగి ఊరుకుంటుంది. దాని బలమంతా లాగినప్పుడే. మన ఇంట్లో నవారు మంచం ఉండేది కదా, నవారు బిగించి అల్లితేనే మనిషిని ఆపుతుంది, వదులైతే నేలకు దిగిపోతాడు. చక్రంలోనూ ప్రతి చువ్వా రిమ్మును, అంటే బయటి వలయాన్ని, నడిమధ్య ఉన్న హబ్బు వైపు లాగుతూనే ఉంటుంది. మీరు ఎక్కగానే నేలకు దగ్గరగా ఉన్న కొన్ని చువ్వల బిగువు కాస్త తగ్గుతుంది. పూర్తిగా వదులు కానంతవరకు చక్రానికి ఢోకా లేదు.

మన పాత సైకిళ్లకు ముందు 32, వెనక 40 చువ్వలు ఉండేవి. పోటీ చక్రాలకు చాలావాటికి ఇరవై, ఇరవై నాలుగుకు మించవు. చువ్వలు తగ్గినకొద్దీ ఒక్కోదాన్ని ఎక్కువ బిగించాలి, ఆ లాగుడుకు రిమ్ము తట్టుకోవాలి. ఖరీదు అక్కడ మొదలవుతుంది.

చువ్వలు తగ్గించడం ఎందుకంటే, గాలి కోసం. సైకిల్ గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే చక్రం పైభాగం 80 వేగంతో ముందుకు దూసుకుపోతుంది. అక్కడ ప్రతి చువ్వా గాలిని చీల్చుకుంటూ పోవాలి. వేగం రెట్టింపు అయితే గాలిని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు. అందుకే చదును చువ్వలు, లోతైన కార్బన్ రిమ్ములు. లోతు అంటే టైరు నుంచి హబ్బు వైపు వెడల్పుగా దిగడం. పోటీ సైకిల్ 6.8 కిలోల కన్నా తేలికగా ఉండకూడదని అంతర్జాతీయ నియమం ఉంది. బరువు తగ్గించడానికి ఒక హద్దు పడింది కాబట్టి తయారీదారులు గాలి మీద పడ్డారు. కార్బన్ పోగుల బట్టను పొరలు పొరలుగా అచ్చులో పేర్చి, జిగురులాంటి రెజిన్‌తో కలిపి, వేడి చేసి గట్టిపరుస్తారు. పొరలు పేర్చేది చాలావరకు మనిషి చెయ్యే. ఆ కూలీ కూడా ధరలో ఉంది, పేరుకు కట్టే సొమ్మూ ఉంది. రెండోది ఎంతో కంపెనీలు చెప్పవు లెండి.

పేరంటే గుర్తొచ్చింది. ఫ్రాన్సులో మావిక్ అని చక్రాల కంపెనీ, 1889 నాటిది. పందెపు సైకిళ్లకు చెక్క రిమ్ములు వాడే రోజుల్లో వాళ్లు డ్యురాలుమిన్ అనే గట్టి అల్యూమినియం మిశ్రమంతో రిమ్ము చేశారు. 1934 టూర్ డి ఫ్రాన్స్ అనే పెద్ద సైకిల్ పందెంలో ఆంటొనిన్ మాన్య్ వాటి మీదే గెలిచాడు. తమాషా ఏమిటంటే, చెక్క రిమ్ములే వాడాలని అప్పటి నియమం. అందుకని లోహం మీద చెక్క రంగు పూశారు! నన్నడిగితే అది మోసమే, కాకపోతే నవ్వు తెప్పించే మోసం.

అదే కంపెనీ 1973 నుంచి పందేల వెంట సాయం చేసే కార్లు నడిపింది. ఏ జట్టు వాడైనా సరే, చక్రం పాడైతే ఆ కారు ఆగి కొత్త చక్రం బిగించేది. నాకు ఆ రిమ్ముల కన్నా ఈ కార్ల మీదే మక్కువ. 2016 టూర్‌లో మాంట్ వెంటూ కొండ మీద జనం కిక్కిరిసి, మోటార్ సైకిల్ ఆగిపోయింది; ముందున్నవాడు దానికి ఢీకొంటే, వెనకే వస్తున్న క్రిస్ ఫ్రూమ్ కూడా పడ్డాడు. సైకిల్ విరిగింది. పందెంలో అందరికన్నా ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ వేసుకున్నవాడు కొండెక్కుతూ కాలినడకన పరుగు తీశాడు! తర్వాత మావిక్ వాళ్లు ఇచ్చిన పసుపు సైకిల్ అతనికి కుదరలేదు, చివరికి సొంత జట్టు సైకిల్ వచ్చాకే దారిలో పడ్డాడు. అంత పేరున్న మావిక్ కూడా 2020లో దివాలా అంచుకు వెళ్లి చేతులు మారింది. మరుసటి ఏడాది నుంచి టూర్‌లో ఆ సేవ జపాను కంపెనీ షిమానోది.

ఇక మీ కోరిక. భీమిలి దాకా వెళ్లడానికి ఆ లోతైన చక్రాలు కావాలి, అంతేనా? వద్దు. బీచ్ రోడ్డులో భీమిలి వైపు పోతుంటే సముద్రం కుడిచేతి వైపు. మధ్యాహ్నం నుంచి అటు నుంచే గాలి. లోతైన రిమ్ము ఎదురుగాలిలో మేలు చేస్తుందేమో గానీ పక్కగాలి తగిలితే ముందు చక్రాన్ని పక్కకు తోస్తుంది, హ్యాండిల్ చేతిలో తిరుగుతుంది. మీ బరువుకు అది మరీ ఇబ్బంది. రోడ్డు మీద బస్సులు ఉంటాయని మరిచిపోకండి. దానికి తోడు ఉప్పుగాలి. ఇంటికి రాగానే చక్రాలను మంచినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి. ఇనుప చువ్వలు ఎక్కువగా తుప్పు పట్టేది నిప్పిళ్ల దగ్గర, అంటే చువ్వను రిమ్ముకు బిగించే చిన్న మరల దగ్గర. ముందు అక్కడ చూడండి.

ఈలోగా ఒక పని చేసి పెట్టండి. సైకిల్‌ను తిరగేసి నిలబెట్టి, వెనక చక్రం చువ్వలను ఒక్కొక్కటిగా వేలితో మీటండి. ఒకే వైపు చువ్వల మోత ఇంచుమించు ఒకేలా ఉండాలి. మందంగా మోగినదానికి చిన్న దారం కట్టండి. ఆ తర్వాత చక్రం తిప్పుతూ సుద్దముక్కను రిమ్ముకు దగ్గరగా కదలకుండా పట్టుకోండి. వంకర ఉన్నచోట రిమ్ము మీద గీత పడుతుంది. గీత కుడి పక్కన పడితే ఎడమ వైపు చువ్వలు బిగించాలి. ఆ పని మాత్రం మీరు చేయకండి, నిప్పిల్ కీ నా దగ్గరే ఉంది. ఆదివారం వచ్చేటప్పుడు తెస్తాను.

మీ
తాతయ్య