క్లోన్ కథ తీయాలంటే కోట్లు కావాలా? అపోహలు - వాస్తవాలు

కొడుకును పోగొట్టుకున్న తల్లి, అతని కణంతోనే మళ్లీ బిడ్డను కనాలనుకుంటుంది. ఒక ఇల్లు, నలుగురు నటులు, ఒక కెమెరా ఉంటే ఈ కథ తీయొచ్చు. చాలామంది మాత్రం స్క్రిప్టు దశలోనే బడ్జెట్‌కు భయపడి వదిలేస్తున్నారు.

అపోహ: పోయిన మనిషి అదే వయసులో గాజు తొట్టెలోంచి లేచి రావాలి, దానికి పెద్ద ల్యాబ్ సెట్ వేయాలి.

వాస్తవం: క్లోనింగ్ అంటే ఒకరి కణంతో అదే జన్యువులున్న బిడ్డను పుట్టించడం. అండంలోని కేంద్రకాన్ని (జన్యువులుండే భాగాన్ని) తీసేసి, శరీర కణాన్ని దానితో కలిపి, చిన్న విద్యుత్ పల్స్‌తో ఎదుగుదల మొదలయ్యేలా చేస్తారు. పిండం నిలిస్తే గర్భంలో పెడతారు. పుట్టేది పసిబిడ్డే. కొడుకు ఇరవై ఏళ్లకు పోయి ఉంటే, ఆ ముఖం మళ్లీ కనిపించడానికి ఇంకో ఇరవై ఏళ్లు పడుతుంది. అప్పటికి తల్లి జుట్టు నెరిసిపోతుంది. కథకు బలం ఆ ఎదురుచూపులోనే ఉంది, దానికి సెట్ అక్కర్లేదు. స్కాట్లాండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో 277 సార్లు కణాలను కలిపితే 29 పిండాలు ఎదిగాయి, చివరికి 1996లో పుట్టింది డాలీ అనే ఒక్క గొర్రెపిల్ల. మనిషిని ఇలా పుట్టించినట్టు ఇంతవరకు రుజువు లేదు. కాబట్టి పోయిన పిండాల దుఃఖం కూడా మీ కథలో ఉండాలి.

అపోహ: క్లోన్ అచ్చు గుద్దినట్టు ఉంటాడు.

వాస్తవం: 2001లో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో మూడు రంగుల పిల్లికి క్లోన్‌గా పుట్టిన పిల్లకు నారింజ రంగే రాలేదు. ఆడపిల్లి ప్రతి కణంలోనూ ఒక ఎక్స్ క్రోమోజోమ్ నిద్రపోతుంది. క్లోనింగ్‌కు తీసుకున్న కణంలో నారింజ రంగు జన్యువు ఉన్నదే నిద్రలో ఉంది, అలాగే ఉండిపోయింది. మగవాళ్లకు ఎక్స్ ఒకటే కాబట్టి ఈ తేడా రాదు కానీ పుట్టుమచ్చలు, వేలిముద్రలు మారతాయి. కొడుకు కనుబొమ్మ మీద చిన్నప్పటి దెబ్బ గాటు ఉంటే క్లోన్‌కు ఉండకూడదు. షాటుకు షాటుకు తేడా రాకుండా వివరాలు రాసుకునే కంటిన్యూటీ షీట్‌లో మొదట రాయాల్సింది అదే.

అపోహ: ఒకే నటుణ్ణి ఫ్రేములో ఇద్దరిగా చూపాలంటే కెమెరాను ప్రతిసారీ ఒకేలా కదిలించే మోషన్ కంట్రోల్ రిగ్, వెనక పచ్చ తెర (గ్రీన్ మ్యాట్) తప్పవు.

వాస్తవం: ఇలాంటి కథలో కొడుకు, క్లోన్ ఎదురుపడేది తల్లి ఊహలోనే. రెండు మూడు కెమెరా సెటప్‌లు చాలు, కెమెరా కదలకపోతే చాలు. ఒకే నటుణ్ణి ఒక టేకులో ఫ్రేముకు ఒక వైపు, రెండో టేకులో ఇంకో వైపు తీసి, ఎడిటింగ్‌లో రెండు సగాలనూ ఒక గీత దగ్గర అతికిస్తారు.

కెమెరా స్టాండు (ట్రైపాడ్) మధ్య రాడ్ పైకి లేపకండి. కాళ్ల చుట్టూ టేపు అంటించి, ఇసుక బస్తా వేలాడదీయండి. ఐఎస్ఓ, అపర్చర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ అన్నీ మాన్యువల్‌లో పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 24 ఫ్రేములు తీసేటప్పుడు షట్టర్ వేగం 1/50 సెకను ఉంచితే లైట్లు మినుకుమనవు. కుదుపులు తగ్గించే స్టెబిలైజేషన్ కచ్చితంగా ఆఫ్ చేయాలి. స్టాండు మీద ఉన్నా అది ఇమేజ్‌ను కొద్దిగా జరుపుతుంది, అతుకు దగ్గర గోడ వణుకుతుంది. బ్యాటరీ ముందే నిండా ఉండాలి, కెమెరాను ముట్టకుండా రికార్డింగ్ ఫోన్ యాప్‌తో నొక్కాలి.

అతుకు గీత తలుపు ఫ్రేము మీదో, గోడ మూల మీదో పడాలి. నీడ గీత దాటితే సగంలో తెగిపోతుంది, అందుకే ఎవరి నీడ వాళ్ల వైపే పడేలా లైటు పెట్టండి. మేకప్ మార్చడానికి గంట పడితే కిటికీ ఎండ జరిగిపోతుంది. నల్ల గుడ్డ కట్టేసి ఎల్ఈడీతోనే వెలిగించడం మేలు. ఫ్యాన్ ఆపండి. సోఫా వద్దు, విడి కుర్చీలు వాడండి. ఒకే దిండు మీద కూర్చుంటే రెండో టేకులో కుంగుడు మారుతుంది, గీత దగ్గర బట్ట మడతలు కలవవు. చివర్లో ఖాళీ గదిని అర నిమిషం తీయడం మరవద్దు.

అపోహ: నటుడి బదులు నిలబడే డూప్, భుజం వెనక నుంచి తీసే సజెషన్ షాట్లకే పనికొస్తాడు.

వాస్తవం: అతని అసలు పని ఎదురుగా కూర్చుని, నటుడి చూపు నిలిచే చోటు (లుక్) ఇవ్వడం. డూప్ కూర్చున్న సగం ఎలాగూ ఎడిటింగ్‌లో మాస్క్ వేసి కప్పేస్తే పోతుంది. గోడకు టేపు ముక్క అంటించి చూడమంటే నటుడి చూపు గాల్లో తేలుతుంది.

ముందుగా సంభాషణను నడిపే పాత్రను తీయండి. రెండో టేకులో ఆ డైలాగులు నటుడి చెవిలోని చిన్న ఇయర్‌పీస్‌కు పంపండి. మౌనం ఎక్కువైతే ఎడిటింగ్‌లో ఒక సగాన్ని అర సెకను ముందుకో వెనక్కో జరపొచ్చు. ఎవరూ గీత దాటకపోతేనే అది కుదురుతుంది. లొకేషన్‌లోనే రెండు టేకులను ల్యాప్‌టాప్‌లో ఒకదానిపై ఒకటి సగం పారదర్శకంగా వేసి, తలుపు అంచు కలిసిందో లేదో చూశాకే స్టాండు తీయండి.