కెనడా ఫుడ్ బ్యాంకుల గడప దగ్గర ఆగిపోయిన విద్యార్థులు

కెనడాలోని బ్రాంప్టన్‌లో, అవసరమైనవాళ్లకు ఉచితంగా సరుకులిచ్చే ఒక ఫుడ్ బ్యాంకు 2023లో విదేశీ విద్యార్థులకు ఇక సరుకులు ఇవ్వబోమని చెప్పేసింది. మరుసటి ఏడాది గ్రేటర్ వాంకూవర్ ఫుడ్ బ్యాంకు కూడా మొదటి ఏడాది విదేశీ విద్యార్థులను పక్కన పెట్టింది. కాలేజీ ఫుడ్ బ్యాంకు నుంచి ఉచితంగా సరుకులు ఎలా తెచ్చుకోవచ్చో చూపిస్తూ ఒక భారతీయుడు చేసిన వీడియో 2024లో వైరలైంది. దాంతో నిజంగా చేతిలో డబ్బులు లేని పిల్లలకు కూడా మాటలు పడక తప్పలేదు. మన జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు కూడా అందులో ఉన్నారు.

అసలు ఒక సంస్థ ఇలా "మీకు ఇవ్వం" అని ఎలా అనగలదు? దీనికి జవాబు ఫుడ్ బ్యాంకులు పుట్టిన తీరులో ఉంది. మొదటిది 1967లో అమెరికాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ పెట్టాడు. దుకాణాలు పారేసే తినదగిన సరుకును ఒకచోట చేర్చి, అవసరమైనవాళ్లకు ఇవ్వడం ఆయన ఆలోచన. కెనడాలో 1981లో ఎడ్మంటన్‌లో మొదలైంది. అవి మాంద్యం రోజులు. పరిస్థితి కుదుటపడగానే మూసేద్దామనే అనుకున్నారు. మూయడం అటుంచి, ఊరూరా కొత్తవి వచ్చాయి.

దాదాపు అదే సమయంలో, 1983లో, మన దగ్గర ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. 2013 జాతీయ ఆహార భద్రత చట్టంతో రేషన్ హక్కుగా మారింది. మన రేషన్‌లో లోపాలు తక్కువేం కాదు. కార్డు రాకపోవడం, వేలిముద్ర పడకపోవడం అందరూ ఎరిగినవే. కానీ కార్డు ఉన్న మనిషికి డీలర్ బియ్యం ఇవ్వనంటే అడగడానికి ఒక చట్టం ఉంది, ఫిర్యాదు తీసుకోవాల్సిన అధికారి ఉన్నాడు. కెనడా ఫుడ్ బ్యాంకు మాత్రం విరాళాల మీద, వలంటీర్ల మీద నడిచే దానం. ఎవరికివ్వాలి, నెలకెన్నిసార్లివ్వాలి, ఏ పోస్టల్ కోడ్ వాళ్లకివ్వాలి అన్నది సాధారణంగా దాని నిర్వాహకుల ఇష్టం.

ప్రభుత్వ సాయం తగ్గుతున్న కొద్దీ ఆ దానం మీద బరువు పెరిగింది. 1995లో ఒంటారియో ప్రావిన్సు (మన రాష్ట్రం లాంటిది) ప్రభుత్వం సంక్షేమ భృతిని 21.6 శాతం కోసేసింది. అవసరంలో ఉన్నవారికి ప్రావిన్సులు సాయం చేయాలనే షరతుతో కేంద్రం 1966 నుంచి ఖర్చు పంచుకుంటూ వచ్చిన కెనడా అసిస్టెన్స్ ప్లాన్ 1996లో రద్దయింది. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార హక్కు ప్రతినిధి ఒలివియే ద షుటర్ వచ్చి సంపన్న దేశంలో ఈ ఆకలేమిటని అడిగితే, అప్పటి మంత్రులు ఆయన మీదే విరుచుకుపడ్డారు.

ఇంటి ఆహార అభద్రతను అక్కడ 18 ప్రశ్నల సర్వేతో కొలుస్తారు. డబ్బులు చాలక తిండి తగ్గించారా, పూట మానేశారా, రోజంతా పస్తున్నారా అని అడుగుతారు. 2023 నాటికి పది ప్రావిన్సుల్లో దాదాపు నాలుగో వంతు జనం అలాంటి ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లలో ఫుడ్ బ్యాంకు దాకా వెళ్లేది కొద్దిమందే. అంటే అక్కడి క్యూ పొడవును చూసి ఆకలిని లెక్కగడితే తక్కువే తేలుతుంది. ఆ క్యూ కూడా చిన్నదేం కాదు. 2024 మార్చి ఒక్క నెలలోనే దేశమంతటా 20 లక్షలకు పైగా సార్లు జనం వచ్చారు. 2019 మార్చితో పోలిస్తే ఇది దాదాపు 90 శాతం ఎక్కువ.

ఈ రద్దీలోకే విద్యార్థులు వచ్చి పడ్డారు. వీసాకు చూపాల్సిన ఏడాది జీవన ఖర్చు సుమారు రెండు దశాబ్దాల పాటు 10,000 కెనడా డాలర్ల దగ్గరే ఉండిపోయింది. ఈలోగా అద్దెలు ఎక్కడికో పోయాయి. 2024 జనవరి నుంచి దాన్ని ఒక్కసారిగా 20,635 డాలర్లు చేశారు. "అంత డబ్బు ఉందని చూపించే కదా వచ్చారు, మళ్లీ ఇక్కడికెందుకు?" అన్నది ఫుడ్ బ్యాంకుల వాదన. అరలు ఖాళీ అవుతున్న చోట ఆ మాట అనడం అర్థం చేసుకోదగిందే. కానీ ఇంటి మీద లోను తీసి చూపించిన డబ్బు అద్దె అడ్వాన్సుకీ ఫీజుకీ పోయాక ఎంత మిగులుతుందో ఆ కాగితం చెప్పదు. పాత లెక్కను అన్నేళ్లు అలాగే వదిలేసింది ప్రభుత్వం. ఆ తప్పు భారం మాత్రం పిల్లల మీదా, వలంటీర్ల మీదా పడింది.

2024 చివర్లో మిస్సిసాగా, టొరంటో నగర పాలక మండళ్లు ఆహార అభద్రతను అత్యవసర పరిస్థితిగా ప్రకటించాయి. ఆ ప్రకటనతో నిధులేమీ వాటంతట అవే రావు. విద్యార్థులకు తెరిచి ఉన్న చోట్లలో క్యాంపస్ ఫుడ్ బ్యాంకులు, ఏ కాగితమూ అడగకుండా లంగర్ (అందరికీ ఉచిత భోజనం) పెట్టే గురుద్వారాలు ఉన్నాయి.