హెడ్‌ఫోన్‌కు లొంగే హోరు, లొంగని మాట

"ఇది పెట్టుకుంటే పక్కన లారీ హారన్ కొట్టినా ఇనపడదు సార్" అంటూ నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక దుకాణంలో కుర్రవాడు నా చేతిలో ఒక హెడ్‌ఫోన్ పెట్టాడు. వేదాయపాళెం వైపు మేముండే అపార్టుమెంటులో పగలంతా ఏదో ఒక చప్పుడు ఉంటుంది. తెల్లవారుజామున పచ్చడి రుబ్బే మిక్సీ, సంపులోంచి పైట్యాంకుకు నీళ్ళెక్కించే మోటారు, పై అంతస్తులో ఈడ్చే కుర్చీలు, దూరాన మద్రాసు రైళ్ళు, సాయంత్రం ఆరు మొదలు పక్కింటి టీవీలో సీరియళ్ళు. ఇంట్లో కూర్చుని ప్రూఫులు దిద్దుకునే నాబోటివాడికి ఇన్నిటి నుంచి ఒకేసారి విముక్తి అంటే ఆశ పుట్టకుండా ఎలా ఉంటుంది? కొన్నాను. ఇంటికొచ్చి పెట్టుకుని మీట నొక్కగానే మోటారు హోరు, ఫ్యాను చప్పుడు, వీధిలోని గుయ్యిమనే మోత అన్నీ ఒక్కసారిగా అణగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో పక్కింటి సీరియల్‌లో అత్తగారు కోడలిని అంటున్న మాటలు మునుపటికంటే స్పష్టంగా వినిపించాయి.

వస్తువు చెడిపోయిందనుకుని మర్నాడు తిరిగి పట్టుకెళ్ళబోయాను కానీ, అది తన పనిని సరిగ్గానే చేసింది. ఎలాగో తెలియాలంటే లోపల జరిగేది కొంచెం చూడాలి.

శబ్దమంటే గాలి ఒత్తిడిలో వచ్చే హెచ్చుతగ్గులు. ఊగుతున్న ఉయ్యాలను సరిగ్గా అది మన వైపు వచ్చే వేళకు, అంతే బలంతో ఎదురు నెడితే ఆగిపోతుంది. హెడ్‌ఫోన్ చేసేదీ ఇదే. చెవిని మూసే కప్పు మీద ఉండే చిన్న మైకు బయటి శబ్దాన్ని పట్టుకుంటుంది. లోపలి చిప్ దానికి తలకిందులైన ఒత్తిడిని లెక్కగడుతుంది. చెవి దగ్గరి స్పీకరు ఆ ఎదురు శబ్దాన్ని పుట్టిస్తుంది. గాలి దట్టమయ్యే చోట ఇది పలచబరుస్తుంది, పలచనయ్యే చోట దట్టం చేస్తుంది. రెండూ కలిసి చెవి దగ్గర దాదాపు సున్నా అవుతాయి. మంచి రకాల్లో కప్పు లోపల కూడా మరో మైకు ఉండి, ఇంకా మిగిలిపోయినది ఎంతో చూసి సర్దుతూ ఉంటుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. జర్మనీకి చెందిన పాల్ లుయెగ్ 1933లోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1936లో అమెరికా పేటెంటు కూడా దక్కింది, కానీ అప్పటి రేడియో వాల్వులతో అది సాధ్యపడే పని కాలేదు. 1978లో జ్యూరిచ్ నుంచి బోస్టన్ వెళ్తున్న విమానంలో, ఇచ్చిన హెడ్‌ఫోన్‌లో ఇంజిను మోత తప్ప పాట వినబడక విసిగిపోయిన అమర్ బోస్ (బోస్ కంపెనీ స్థాపకుడు) అక్కడే కూర్చుని లెక్కలు మొదలుపెట్టాడు. 1989కి పైలట్లు వాడే హెడ్‌సెట్ అమ్మకానికి వచ్చింది. అంటే ఈ విద్య పుట్టింది విమానం ఇంజిను కోసం. ఏ మార్పూ లేకుండా గంటల తరబడి సాగే లోతైన హోరు దానికి సహజ శత్రువు. పక్కింటి మాటలు దాని పుట్టుకలో లేవు.

ఈ తేడా ఎక్కడిదో అంకెల్లో చూస్తే ముచ్చటగా ఉంటుంది. మన ఊళ్ళో 31 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. మోటారు గుర్రుమనే 100 హెర్ట్జ్ శబ్దంలో, అంటే సెకనుకు నూరుసార్లు ఊగే దానిలో, ఒక్కో తరంగం పొడవు మూడున్నర మీటర్లు. 'స', 'చ' వంటి హల్లుల్లోని 4000 హెర్ట్జ్ తరంగం పొడవు తొమ్మిది సెంటీమీటర్లకు లోపే. శబ్దాన్ని 20 డెసిబెల్స్ తగ్గించాలంటే, అంటే ఒత్తిడిని పదోవంతుకు దించాలంటే, ఎదురు శబ్దం తరంగపు చుట్టులో సుమారు అరవయ్యోవంతు కంటే ఎక్కువ ఆలస్యం కాకూడదు. 100 హెర్ట్జ్ దగ్గర ఆ గడువు సుమారు 160 మైక్రోసెకన్లు. చిప్‌కు అది తీరుబడి సమయం. 4000 హెర్ట్జ్ దగ్గర నాలుగే మైక్రోసెకన్లు. ఆ కాసేపట్లో శబ్దం కదిలే దూరం మిల్లీమీటరున్నర కూడా ఉండదు. కప్పు చెవి మీద అంతమాత్రం జరిగినా లెక్క తప్పుతుంది. తప్పిన లెక్క ఊరికే నష్టంతో పోదు: ఆలస్యం చుట్టులో ఆరోవంతు దాటితే శబ్దం తగ్గడానికి బదులు పెరుగుతుంది. అందుకే తయారీదారులు సుమారు 1000 హెర్ట్జ్ దాటాక ఈ ప్రయత్నాన్ని చాలావరకు వదిలేసి, ఆపై పనిని కప్పు అంచున చెవి చుట్టూ ఉండే మెత్తటి దిండుకే అప్పగిస్తారు.

గదంతటికీ ఇలాంటి ఎదురు శబ్దం పుట్టించే పెట్టె ఒకటి గోడకు తగిలిస్తే పోదా అని మా తమ్ముడు అడిగాడు. నిశ్శబ్దం ఏర్పడే మేర తరంగం పొడవులో దాదాపు పదోవంతే ఉంటుంది. 1000 హెర్ట్జ్ శబ్దానికి అది మూడున్నర సెంటీమీటర్లు. తల అటూ ఇటూ తిప్పితే చాలు, నిశ్శబ్దం ఒకచోట, చెవి ఒకచోట. అలాంటి పెట్టెలని చెప్పి ఎవరైనా అమ్మజూపితే డబ్బు జేబులోనే ఉంచుకోవడం మేలు.

ఇక మాటల సంగతి. కాలు, చాలు, పాలు అనే మూడు పదాలనూ పలికి చూడండి. అచ్చులు మూడింటిలోనూ ఒకటే. మాటకు బలం, నిడివి ఇచ్చేవి అవే, వాటి శక్తి ఎక్కువగా తక్కువ హెర్ట్జ్‌ల్లో ఉంటుంది. అర్థాన్ని విడదీసేది మాత్రం క్షణంలో మెరిసి పోయే ఆ మొదటి హల్లు, దాని జాడ చాలావరకు 1000 హెర్ట్జ్‌కు పైన. హెడ్‌ఫోన్ మీట నొక్కినప్పుడు అచ్చుల్లో కొంత తగ్గుతుంది, హల్లులు అలాగే మిగులుతాయి. అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. ఇంతకాలం ఆ మాటలను కప్పిపెడుతున్నది మన ఫ్యానే! ఫ్యాను గాలి హోరు, వీధి రొద కలిసి పక్కింటి మాటల మీద దుప్పటిలా పరుచుకుని ఉంటాయి. హెడ్‌ఫోన్ ఆ దుప్పటిని లాగేసింది, అత్తగారి గొంతు బయటపడింది. అర్థమయ్యే మాట, అర్థం లేని మోతకంటే తక్కువ స్థాయిలో ఉన్నా, చదివేవాడి మనసును ఎక్కువగా లాగుతుందని మనస్తత్వ పరిశోధకులు చాలాకాలం నుంచి చెబుతున్నారు. ప్రూఫులు దిద్దేవాడికి ఇది చెప్పనక్కరలేదు.

దీనికి మందు కూడా ఆ దుప్పటిలోనే ఉంది. మీట నొక్కి హోరును తీసేశాక, వాన కురుస్తున్నట్టుండే సన్నని చప్పుడును ఫోన్‌లోంచి అతి తక్కువ స్థాయిలో పెట్టుకోవాలి. బయటి హోరుకంటే ఇది చాలా చిన్నది. అయినా గోడ దాటి అలసిపోయి వచ్చిన హల్లులను మింగడానికి చాలుతుంది. పాటలు పెట్టుకుంటే వాటి మాటలే మనసును లాగుతాయి కనుక పని చేసేటప్పుడు అవి వద్దు. పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్, పిల్లలకు 75 డెసిబెల్స్ దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. నెల్లూరులో ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్ళు లెక్కలేనన్ని. పక్కింటి రొదను మించేలా పాట పెంచి చదివే అలవాటుకంటే ఈ వాన చప్పుడు నూరు రెట్లు నయం.

కొనేటప్పుడు చూడవలసినవి ఇప్పుడు వేరుగా కనిపిస్తాయి. పెట్టె మీద "50 డెసిబెల్స్ వరకు" అని ఉంటే, 'వరకు' అన్న మాటను రెండుసార్లు చదవాలి. అది ఏదో ఒక హెర్ట్జ్ అంకె దగ్గర అందిన గరిష్ఠం, అన్ని శబ్దాలకూ వర్తించేది కాదు. ఇంకా పెద్ద మోసం ఈఎన్‌సీ, ఏఎన్‌సీ అనే రెండు పొట్టి పేర్ల మధ్య జరుగుతుంది. ఏఎన్‌సీ అంటే ఇంతవరకు చెప్పుకున్న ఎదురు శబ్దపు విద్య, మన చెవికి పనికొచ్చేది. ఈఎన్‌సీ మనం ఫోన్ మాట్లాడేటప్పుడు అవతలివారికి మన చుట్టూ ఉన్న రొద వినపడకుండా చేసేది. దానివల్ల మన చెవికి ఒరిగేది ఏమీ లేదు. చవక ఇయర్‌బడ్స్ పెట్టెల మీద ఈఎన్‌సీ పెద్ద అక్షరాల్లో ఉంటుంది, కొన్నవాళ్ళు అది ఏఎన్‌సీయే అనుకుని సంతోషిస్తారు.

వీటన్నిటికంటే ముఖ్యం దిండు చెవి చుట్టూ ఎంత బిగుతుగా అమరిందన్నది. గోడ ఎంత మందమైనా దాని విస్తీర్ణంలో పదోవంతు కిటికీ తెరిచి ఉంటే మొత్తంమీద 10 డెసిబెల్స్‌కు మించి శబ్దం తగ్గదు. రోహిణి కార్తెలో కిటికీలు మూసి ఎవరుంటారు? అందుకే మన ఇళ్ళలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ చేసే మేలు చాలావరకు కిటికీలోంచే పోతుంది. చెవి దగ్గరా ఇదే లెక్క. కళ్ళజోడు కాడ దిండు కింద సన్నని సందు చేస్తుంది. చెవి కమ్మలు, మాటీలు, ఎత్తుగా దువ్విన జుట్టు అంతే. ఆ సందులోంచి హోరు లోపలికి దూరడమే కాదు, స్పీకరు పుట్టించే ఎదురు ఒత్తిడి బయటికి కారిపోతుంది. రెండు విధాలా నష్టం. కాబట్టి దుకాణంలో మీట నొక్కకముందే హెడ్‌ఫోన్ పెట్టుకుని కుర్రవాడిని పేపరు చదవమనండి. మీ కళ్ళజోడు మీకు ఉండగానే, దవడ ఆడిస్తూ, తల వంచుతూ వినండి. అప్పుడు వాడి మాట ఎంత అణిగిందో అదే మీ పక్కింటి మాటలకు దొరికే తగ్గింపు. మీట నొక్కాక దుకాణం ఏసీ హోరు పోవడం చూసి మురిసిపోవద్దు. ఏసీ హోరు చవక రకానికి కూడా లొంగుతుంది.

చెవిని పూర్తిగా కప్పే రకం మాటలకు మేలు, కానీ మన చెమటకు దాని తోలులాంటి పై పొర పొలుసులుగా రాలిపోతుంది; దిండ్లు విడిగా దొరికే రకమే కొనాలి. చెవిలో దూర్చే ఇయర్‌బడ్స్‌కు ఈ బాధ లేదు, కళ్ళజోడు గొడవా లేదు, అయితే పెట్టెలో ఇచ్చే మూడు సైజుల రబ్బరు మొనల్లో సరైనది ఎంచుకోవాలి. పెట్టుకుని మాట్లాడితే మన గొంతు కుండలోంచి వచ్చినట్టు మోగితే అది సరిగా బిగిసిందని గుర్తు. రాత్రి పక్కకు ఒత్తిగిలి పడుకునేవారికి వీటిలో ఏదీ సుఖం కాదు. మందుల దుకాణంలో దొరికే నురుగు బిరడాలు, చేత్తో నలిపి సన్నం చేసి చెవిలో పెట్టుకునేవి, హల్లులను ఖరీదైన హెడ్‌ఫోన్ కంటే బాగా ఆపుతాయి. చంటిపిల్ల ఏడుపు, కుక్కరు కూత, వాకిలి బెల్లు కూడా వాటితోపాటే ఆగిపోతాయన్నది గుర్తుండాలి.

మిక్సీ ఎటూ కాని రకం. దాని మోటారు నిమిషానికి 18 వేల చుట్లు తిరిగితే సెకనుకు 300 అవుతాయి. ఆ మూల శబ్దం హెడ్‌ఫోన్‌కు లొంగుతుంది, బ్లేడ్ల కీచు లొంగదు. పైవాళ్ళ కుర్చీ మాత్రం ఏ హెడ్‌ఫోన్‌కూ పూర్తిగా చిక్కదు. చీమకుర్తి గ్రానైటు పరిచిన నేల మీద ఇనుప కాళ్ళు గీసినప్పుడు శబ్దం గాలిలో కాక స్లాబులో, గోడల్లో పయనిస్తుంది, ఒక్క ఉదుటున మొదలై ఆగిపోతుంది. పైన ఉండే పిన్నిగారికి కుర్చీ కాళ్ళకు వేసే రబ్బరు తొడుగులు తెచ్చిచ్చాను. "మీకు ఇంతగా ఇనిపిస్తుందని మాకేం తెలుసు నాయనా" అని ఆమె ఆశ్చర్యపోయారు. ఆ గొడవ అంతటితో సరి.

చట్టం వైపు చూస్తే, 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ హద్దుగా పెట్టాయి. డీజే పెట్టెలకు ఇది పనికొస్తుంది. సాయంత్రం ఆరింటి సీరియల్ మీద స్టేషనుకు వెళ్ళడం నాకు మనసొప్పలేదు.

చివరికి ఒకరోజు వాళ్ళింటికే వెళ్ళాను. టీవీని మా ఉమ్మడి గోడకే బిగించారు. ఎదురుగా వాలుకుర్చీలో పెద్దాయన. ఆయన కూతురు గొంతు పెంచి నేనొచ్చానని చెబితే తలెత్తి చూశారు. వయసుతో వచ్చే వినికిడి లోపం ఎక్కువ హెర్ట్జ్ శబ్దాలతో మొదలవుతుంది. అంటే ముందుగా పోయేవి హల్లులే. కాలు, చాలు, పాలు ఆయనకు ఒకటిగానే వినిపిస్తాయి, అందుకని రిమోటు మీద బొటనవేలు పైకే పోతుంది. గోడకు అవతల నేను పారద్రోలలేక అవస్థపడుతున్న హల్లుల కోసమే ఇవతల ఆయన టీవీ అంత గట్టిగా పెడుతున్నారు. చెవి డాక్టరుకు చూపిస్తామన్నారు కూతురు. ఈలోగా అని, ఏఎన్‌సీ ఏదీ లేని మామూలు హెడ్‌ఫోన్ ఒకటి, నేను కొన్నదానిలో ఐదోవంతు ధరకు, అదే దుకాణంలో కొని తెచ్చి, సన్నని పొడవాటి తీగతో టీవీకి తగిలించి ఆయన తలకు పెట్టాను. కూతురు శబ్దం సగానికి తగ్గించి, "వినపడుతోందా నాన్నా?" అని సైగ చేసింది. ఆయన చేత్తో మమ్మల్ని పక్కకు జరగమన్నారు, తెరకు అడ్డం ఉన్నామని.

ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి గోడ అవతల నుంచి నాకు వినిపించేది, హాస్య కార్యక్రమం చూస్తూ ఆయన ఉండుండి నవ్వే నవ్వు ఒక్కటే.