పోయిన బిడ్డ ఇంట్లోనే ఉన్నట్టు అనిపిస్తోందా? అపోహలు - వాస్తవాలు

బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ చేయడం నా వృత్తి. నిద్ర పట్టడం లేదని, ఏ పనీ చేయబుద్ధి కావడం లేదని, చిన్న మాటకే కోపం ముంచుకొస్తోందని మొదటి రోజే చెప్పేస్తారు. ఒక్క సంగతి మాత్రం చాలా రోజులకు గాని బయటికి రాదు, అదీ గొంతు తగ్గించి. "పాప ఇంట్లోనే తిరుగుతున్నట్టు ఉంటుంది మేడం. అమ్మా అని పిలిచినట్టవుతుంది. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు." చెప్పకపోవడానికి కారణం చుట్టూ ఉన్నవాళ్లు దాని గురించి అనే మాటలే. బాగా చదువుకున్నవాళ్లు, అప్పుడప్పుడు వైద్యులు కూడా అనగా విన్న మాటలను ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: పోయినవాళ్లు కనిపించడం, వినిపించడం మతి చెదరడానికి తొలి గుర్తు.

వాస్తవం: డెవి రీస్ అనే వైద్యుడు వేల్స్ ప్రాంతంలో భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందితో స్వయంగా మాట్లాడి, తెలిసిన సంగతులను 1971లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించాడు. దాదాపు సగం మందికి పోయిన మనిషి ఏదో ఒక రూపంలో దగ్గరే ఉన్నట్టు అనిపించింది. పక్కనే ఉన్నారన్న భావన 39 శాతం మందికి కలిగింది. 14 శాతం మందికి మనిషి కనిపించారు, 13 శాతం మందికి గొంతు వినిపించింది. ఇలా అనిపించినవాళ్లలో చాలామంది రీస్ అడిగేదాకా ఎవరికీ చెప్పుకోలేదు. ఎక్కువమంది అది తమకు ఊరటగానే ఉందన్నారు.

అవి జీవిత భాగస్వాములను పోగొట్టుకున్నవాళ్ల అంకెలు, వాటిని యథాతథంగా కన్నవాళ్లకు అంటగట్టకూడదు. అయినా కడుపుకోతలో ఉన్నవాళ్లకు ఇలా అనిపించడం ఎంత మామూలో మా పనిలో రోజూ చూస్తూనే ఉంటాం. మానసిక రోగాల నిర్ధారణకు వైద్యులు వాడే అమెరికన్ గ్రంథం కూడా, 1994 నాటి ప్రతిలోనే, పోయినవారి గొంతు విన్నట్టు, క్షణకాలం వారి రూపం చూసినట్టు అనిపించడాన్ని ప్రత్యేకంగా పేర్కొని, రోగ లక్షణాల లెక్కలోంచి మినహాయించింది.

ఇలా ఎందుకు జరుగుతుంది? చెవిలో పడిన శబ్దాన్ని మెదడు ఉన్నదున్నట్టుగా స్వీకరించదు. ఏం వినబడబోతోందో ముందే ఊహించుకుని, వచ్చిన శబ్దాన్ని ఆ ఊహతో సరిపోల్చుకుంటుంది. పక్క గదిలో బిడ్డ కదిలినా మెలకువ వచ్చేలా ఏళ్ల తరబడి అలవాటుపడిన చెవులు అవి. బిడ్డ పోయినంత మాత్రాన ఆ అలవాటు రాత్రికి రాత్రి పోదు. కిటికీ రెక్క కిర్రుమన్నా పిలుపులాగే తోస్తుంది, అందులోనూ నిద్రకు మెలకువకు నడుమ, లేదా వారాల తరబడి సరిగ్గా నిద్రలేని స్థితిలో. నార్వేలోని మోజర్ దంపతుల ప్రయోగశాలలో 2013లో ఒక సంగతి తేలింది. ఎలుక తిరిగే చోట ఒక వస్తువు ఉంచి, తర్వాత తీసేశారు. ఆ వస్తువు లేకపోయినా, అది ఉండిన చోటికి ఎలుక వచ్చినప్పుడల్లా మెదడులో కొన్ని కణాలు స్పందిస్తూనే ఉన్నాయి. గర్భశోకాన్ని ఎలుకల ప్రయోగం వివరించలేదు, నిజమే. కానీ ఒక చోటుతో ముడిపడిన ఎదురుచూపు ఆ చోటు ఖాళీ అయ్యాక కూడా మెదడులో నిలిచి ఉంటుందని తెలిస్తే, 'నాకు పిచ్చి పడుతోందా' అన్న భయం కాస్త తగ్గుతుంది. అందుకే ఈ ప్రయోగం గురించి చాలామందికి చెబుతుంటాను.

ఒక తల్లి ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు తలుపు వెంటనే వేయలేదు. గడియ మీద చెయ్యి ఉంచి, ఒక్క క్షణం ఎక్కువసేపు తెరిచి పట్టుకుంటుంది. చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి పాపకు పట్టే సమయం అది. (ఎవరినీ గుర్తు పట్టడానికి వీల్లేకుండా ఈ వ్యాసంలో వివరాలు మార్చాను.) పాప లేదని ఆమెకు తెలుసు. చేతికింకా తెలియలేదు.

వైద్యుడికి తప్పకుండా చూపించాల్సిన సందర్భాలు వేరే ఉంటాయి. గొంతు తిట్టడం, ఫలానా పని చేయమని ఆజ్ఞాపించడం, ఎవరో తమ మీద కుట్ర పన్నుతున్నారన్న నమ్మకం బలపడడం, మాటకు మాటకు పొంతన లేకపోవడం అలాంటివి. వీటిలో ఏది కనిపించినా 'శోకంలో ఉన్నారులే' అని సరిపెట్టుకోవద్దు.

అపోహ: బిడ్డను ఊహించుకుంటున్నారంటే నిజాన్ని ఒప్పుకోలేకపోతున్నట్టే.

వాస్తవం: ఒక తండ్రి కొడుకు ఐదో ఏట పోయాడు. ఉంటే ఇప్పుడు పదకొండేళ్లు. దారిలో ఆ ఈడు పిల్లలు ఎదురైతే ఆయన చూపు ముందు వాళ్ల పాదాల మీదికి వెళుతుంది. "మావాడికి ఇప్పుడు నాలుగో నంబరు బూట్లు పట్టేవి మేడం" అంటాడు. ఆ బూట్లు ఎప్పుడూ కొనలేదు. కొడుకు లేడని ఆయనకు మనకంటే బాగా తెలుసు. ఆ ఎరుకతోనే కొడుకును పెంచుతున్నాడు, ఊహలో. ఏటా తరగతి మారుస్తాడు, ఎత్తు పెంచుతాడు, ఈమధ్య కాస్త పెంకితనం కూడా నేర్పాడు.

గర్భంలోనే బిడ్డను పోగొట్టుకున్నవాళ్లకు ఇది మరీ కష్టం. నెమరువేసుకోవడానికి నవ్వు లేదు, గొంతు లేదు. ఉన్నదంతా ఊహే. 'చూడనైనా చూడని బిడ్డ కోసం ఇంత దుఃఖమా' అని బంధువులు ఆశ్చర్యపోతారు. చూడలేదు కాబట్టే ఊహ ఎక్కడా ఆగదని వాళ్లకు తట్టదు.

అపోహ: మరిచిపోతేనే, వదిలేస్తేనే కోలుకుంటారు.

వాస్తవం: దీని మూలం వెతికితే 1917కు వెళ్లాలి. పోయిన మనిషి మీది మమకారాన్ని ఒక్కొక్క జ్ఞాపకం నుంచీ విడదీసుకుంటూ రావడమే శోకం చేసే పని అని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ ఆ ఏడాది ఒక వ్యాసంలో రాశాడు. మూడేళ్లు తిరక్కుండానే, 1920 జనవరిలో, ఆయన కూతురు సోఫీ ఫ్లూ సోకి చనిపోయింది. 1923లో సోఫీ చిన్న కొడుకూ పోయాడు. 1929లో కొడుకును పోగొట్టుకున్న మిత్రుడు బిన్స్‌వాంగర్‌కు ఫ్రాయిడ్ ఒక ఉత్తరం రాశాడు. మొదటి తీవ్రత తగ్గుతుంది గాని లోటు తీరదని, ఆ ఖాళీలోకి ఏది వచ్చినా అది వేరేదిగానే మిగులుతుందని, అలా ఉండడమే సబబని దాని సారాంశం. అందులోనే ఇంకో మాట ఉంది. సోఫీ బతికి ఉంటే ఆ రోజుకు 36 ఏళ్లు నిండేవట. విడదీసుకోమన్న మనిషే తొమ్మిదేళ్ల తర్వాత కూతురి వయసు లెక్కపెట్టుకుంటున్నాడు. బూట్ల నంబరు చెప్పిన తండ్రికీ ఆయనకూ తేడా ఏముంది?

మా వృత్తి ఆ ఉత్తరాన్ని పట్టించుకోలేదు, వ్యాసాన్నే పట్టుకుని దశాబ్దాలు నడిచింది. శోకంలో ఉన్న మనిషి చేయాల్సిన నాలుగు పనులను అమెరికన్ మనస్తత్వవేత్త విలియం వర్డెన్ 1982లో సూత్రీకరించినప్పుడు కూడా, నాలుగోది పోయినవారి నుంచి మనసును వెనక్కి తీసుకోవడమే. తర్వాతి ముద్రణల్లో ఆయనే దాన్ని తిరగరాశాడు. కొత్త జీవితం సాగిస్తూనే పోయినవారితో నిలిచే బంధాన్ని వెతుక్కోవడం అన్నాడు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల బృందాలతో ఏళ్ల తరబడి కలిసి తిరిగిన డెనిస్ క్లాస్, మరో ఇద్దరితో కలిసి 1996లో ఈ ఆలోచనను గట్టిగా నిలబెట్టాడు. బంధం తెగనవసరం లేదు, దాని రూపం మారుతుంది.

ఆ మార్పు ఎంత నెమ్మదో తెలుసుకోవాలంటే జర్మన్ శిల్పి కేటే కోల్విట్జ్ కథ చూడాలి. చిన్న కొడుకు పీటర్ సైన్యంలో చేరతానంటే తండ్రి ఒప్పుకోలేదు. ఆమే భర్తకు నచ్చజెప్పింది. 1914 అక్టోబరులో, 18 ఏళ్ల వయసులో, బెల్జియంలో పీటర్ చనిపోయాడు. ఆమె వెంటనే అతనికి స్మారక శిల్పం మొదలుపెట్టింది. పడుకున్న కొడుకు దేహం, తల దగ్గర, కాళ్ల దగ్గర తల్లిదండ్రులు అన్నది తొలి ఊహ. ఏళ్లు గడిచాయి, మధ్యలో పని ఆపేసింది, మళ్లీ మొదలుపెట్టింది. 1932లో బెల్జియం శ్మశానంలో నిలబెట్టిన శిల్పంలో కొడుకు లేడు. మోకాళ్ల మీద కూర్చున్న తండ్రి, తల్లి మాత్రమే ఉన్నారు, విడివిడిగా. ఆ ముఖాలు భర్తది, తనది. పద్దెనిమిదేళ్లు పట్టింది. 'ఏడాది దాటింది కదా, ఇంకా ఎందుకు' అనేవాళ్లకు ఈ కథ చెప్పాలనిపిస్తుంది నాకు.

అపోహ: శోకానికి ఐదు దశలు ఉంటాయి, చివరికి అంగీకారం వస్తుంది.

వాస్తవం: ఆ ఐదు దశలను ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో రాసింది మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి. బిడ్డను పోగొట్టుకున్నవాళ్ల గురించి కాదు. ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

అపోహ: వాళ్ల ముందు బిడ్డ పేరు ఎత్తకూడదు, గుర్తొస్తుంది.

వాస్తవం: మరిచిపోతే కదా గుర్తు రావడానికి! పేరు పలకండి.

అపోహ: బిడ్డ దగ్గరే ఉన్నట్టు అనిపించడం ఎప్పుడూ ఊరటే, దాన్ని అలాగే వదిలేయాలి.

వాస్తవం: ఈమధ్య ఈ రెండో కొసకు వెళ్లినవాళ్లూ కనిపిస్తున్నారు, మా వృత్తిలో కూడా. ఊహలో కనిపించే బిడ్డ ప్రతిసారీ నవ్వుతూ రాదు. ఆస్పత్రి మంచం మీదే కనిపిస్తుంది, 'నన్నెందుకు వదిలేశావు' అని అడుగుతుంది. అపరాధ భావం బలంగా ఉన్న చోట ఊహ శిక్షగా మారుతుంది. అందుకే 'కనిపిస్తోందా?' అన్నదానికంటే 'కనిపించాక మీరేం చేస్తారు?' అన్నదే నాకు ముఖ్యం. కాసేపు ఏడ్చి, లేచి, మిగిలిన పని చూసుకుంటున్నారా? గది తలుపు వేసుకుని సాయంత్రందాకా అక్కడే ఉంటున్నారా?

2022లో వచ్చిన అమెరికన్ నిర్ధారణ గ్రంథం సవరణ ప్రతి దీర్ఘకాలిక శోకాన్ని ఒక రుగ్మతగా చేర్చింది. పెద్దవాళ్ల విషయంలో మరణం జరిగి కనీసం 12 నెలలు గడిచి ఉండాలంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ 6 నెలలు అంటుంది. రెండూ గడువు ఒక్కటే చూడవు. తపన రోజూ వేధిస్తూ ఉండడం, 'నాలో సగం పోయింది' అన్న భావన, మొద్దుబారడం, బతుక్కు అర్థం లేదనిపించడం, మనుషుల్లో కలవలేకపోవడం, వీటి వల్ల జీవితం నిలిచిపోవడం ఉంటేనే రుగ్మత అంటాయి. దీనికి ప్రత్యేకమైన చికిత్సా పద్ధతులు ఉన్నాయి. అవి బిడ్డను మరిపించవు.

ఒక మాట దగ్గర మాత్రం నేను వెంటనే జాగ్రత్తపడతాను. 'వాడు నన్ను రమ్మంటున్నాడు', 'వాడి దగ్గరికి వెళ్లిపోవాలనుంది'. చాలామంది తల్లిదండ్రులు ఈ మాట అంటారు, అందరి ఉద్దేశం ఒకటి కాదు. కానీ అడిగి తెలుసుకోవాలి, నేరుగా, 'చనిపోవాలని ఆలోచిస్తున్నారా?' అని. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నదీ అపోహే. డెన్మార్క్ జనాభా రికార్డుల ఆధారంగా 2003లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం, బిడ్డ పోయిన తల్లుల్లో మరణాల రేటు పెరిగింది. అందులోనూ మొదటి మూడేళ్లలో అసహజ మరణాలు ఎక్కువ. ఎలా చనిపోవాలో కూడా అనుకుని ఉంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, ఆ రోజే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇంట్లో మిగిలిన పిల్లల సంగతి ఎవరూ అడగరు. పోయిన బిడ్డ ఊహలో తప్పు చేయదు, ఎదురు చెప్పదు. ఎదురుగా ఉన్న బిడ్డ పాలు ఒలకబోస్తుంది, లెక్కల్లో తప్పుతుంది. తర్వాత పుట్టిన బిడ్డకు పోయిన బిడ్డ స్థానమే ఇచ్చి పెంచడం గురించి పరిశోధకులైన కేన్ దంపతులు 1964లోనే హెచ్చరించారు. 'అన్నయ్యయితే ఇలా చేసేవాడు కాదు' అన్న మాట ఇంట్లో వినబడుతోందంటే, ఆ ఊహ గురించి తల్లిదండ్రులతో మాట్లాడాల్సిన వేళ వచ్చిందన్నమాట.

అపోహ: కంప్యూటర్‌తో బిడ్డను మళ్లీ మాట్లాడిస్తే మనసు కుదుటపడుతుంది.

వాస్తవం: 2020లో దక్షిణ కొరియా టెలివిజన్‌లో ఒక తల్లి కళ్లకు పరికరం తగిలించుకుని, రక్తానికి సంబంధించిన జబ్బుతో పోయిన ఏడేళ్ల కూతురి కృత్రిమ రూపాన్ని కలుసుకోవడం చూపించారు. ఇప్పుడు ఫోనులోని పాత సందేశాల ఆధారంగా పోయినవాళ్లలా మాట్లాడే కంప్యూటర్ బొమ్మలు తయారవుతున్నాయి. ఒకరికి వీడ్కోలు చెప్పే అవకాశం దొరకవచ్చు, ఇంకొకరు రాత్రంతా దాని ముందే కూర్చోవచ్చు. నా అభ్యంతరం వేరు. ఊహలోని బిడ్డ తల్లిదండ్రులతో పాటు మారుతుంది, వాళ్లకు అక్కర్లేనప్పుడు పక్కకు తప్పుకుంటుంది. యంత్రంలోని బిడ్డ ఎవరో రాసిన మాటలు పలుకుతుంది, ఆ వ్యాపారం మూతపడిన రోజు రెండోసారి పోతుంది. మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లకైతే వద్దనే చెబుతాను.

అపోహ: 'మీకు ఎంతమంది పిల్లలు?' అని అడిగితే ఉన్నవాళ్ల లెక్కే చెప్పాలి.

వాస్తవం: దీనికి నియమం లేదు. బస్సులో పక్క సీటు మనిషికి 'ఒక్కడే' అని చెప్పి, ఇంటికొచ్చి కూతురికి ద్రోహం చేశానని ఏడ్చిన తల్లులున్నారు. 'ఇద్దరు' అని చెప్పి, 'పెద్దమ్మాయి ఏం చదువుతోంది?' అన్న తర్వాతి ప్రశ్నకు నోట మాట రాక నిలబడిపోయిన తండ్రులున్నారు. ఎవరికి ఏం చెప్పాలో ముందే అనుకుని ఉంచుకోమంటాను. ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఒక జవాబు, తరచూ కలిసేవాళ్లకు ఒక జవాబు. భార్యాభర్తల జవాబులు ఒకటి కానవసరం లేదు, కాకపోతే ఇద్దరూ కలిసి వెళ్లేచోట ఎవరు బదులివ్వాలో బయలుదేరే ముందే మాట్లాడుకోవాలి.